మోపుల బండ

ఒక బండను చూపించి అది ఇంకో బండ అని చెప్పాను. నేను చేసింది అంతే. ఎవరినీ కొట్టలేదు. ఎవరి సొత్తూ ఎత్తుకోలేదు. అయినా ఆ పని ఇన్నేళ్లుగా నా మీదే ఉంది. తల మీద గడ్డి మోపు ఉన్నప్పుడు మెడ అటూ ఇటూ తిరగదు. ఎదురుగా ఉన్న దారి తప్ప ఏదీ కనిపించదు. నేను అట్లాగే నడిచాను. పక్కకు చూడలేదు కాబట్టి బరువు తెలియలేదని చెప్పుకున్నాను. తెలియకపోవడం కాదు అది. మెడ మొద్దుబారింది.

మీరెవరో నాకు తెలియదు. అదే మంచిది. మా ఊళ్లో ఎవరికైనా చెబితే వాళ్లు ముందు నా ముఖం చూస్తారు, తర్వాత మాట వింటారు. మీకు నా ముఖం కనిపించదు. నాకు మీది కనిపించదు. పేరు రాయను.

అక్షరాలు నేర్చుకున్నది నలభై దాటాక. ఊళ్లో ఆడవాళ్లకు మధ్యాహ్నం పూట పెట్టిన తరగతిలో కన్నడం నేర్పారు. మా బళ్లారి జిల్లాలో బడి అంటే కన్నడమే. తెలుగు అక్షరాలు చాలా ఏళ్ల తర్వాత వచ్చాయి, రాయదుర్గం నుంచి వచ్చిన మా కోడలి పక్కన కూర్చుని. ఇంట్లో మాట్లాడే మాటను కాగితం మీద చూడటం నాకు అప్పుడే మొదలు. ఈ సంగతి కన్నడంలో రాద్దామని ఒకసారి కూర్చున్నాను. కుదరలేదు. నేను అబద్ధం చెప్పింది తెలుగులో. దాన్ని తెలుగులోనే రాయాలి.

రాత ఇప్పటికీ నెమ్మదే. ఒక మాట రాసేలోపల దాన్ని కొంచెం మార్చి రాద్దామన్న ఆలోచన రెండుసార్లు వస్తుంది. మార్చకుండా రాయాలని చూస్తున్నాను.

నేను పుట్టింది సిరిగేరి దగ్గర. వరి మళ్ల ఊరు. కాలువ నీళ్లు, బురద, చదును నేల. పెళ్లయి వచ్చింది సండూరు వైపు, చోరనూరు దిక్కున ఒక చిన్న ఊరికి. ఇక్కడ ఊరి వెనకే కొండ. మేము కొండను గుడ్డ అంటాం. వచ్చిన మొదటి ఏడు నాకు గుడ్డ ఎక్కడం రాలేదు. దిగడం అసలే రాలేదు. కూర్చుని జారేదాన్ని. అందరూ నవ్వేవాళ్లు. నవ్వకుండా నా ముందు నడిచి, అడుగు ఎక్కడ వేయాలో చూపించింది హంపవ్వ.

హంపవ్వ మాకు చుట్టం కాదు. మా ఇంటి వెనక ఇల్లు ఆమెది. భర్త పోయాడు. పిల్లలు లేరు. గుడ్డ మీద అమ్మవారు గాళెమ్మ తోపును చూసుకునేది ఆమే. ఆమెకు ముందు ఆమె అత్త చూసుకునేదట. ఎవరూ జీతం ఇచ్చి పెట్టలేదు. రాలిన ఆకులు ఊడ్చి, మట్టి ప్రమిదలో దీపం పెట్టి వచ్చేది. నన్ను ఎప్పుడూ పేరు పెట్టి పిలవలేదు. సిరిగేరి పిల్లా అనేది. నాకు మనవలు పుట్టినాక కూడా అదే పిలుపు.

తోపు అంటే ఎవరో నాటిన తోపు కాదు. ఊరి నుంచి దారి గుడ్డ నెత్తికి ఎక్కుతుంది. అక్కడి నుంచి అవతలకు దిగితే ఒక పల్లం. నెత్తి మీద, పల్లం మొదలయ్యేచోట, మనిషి నడుమెత్తు బండ ఒకటి ఉండేది. దాన్ని కొడవళ్ల బండ అనేవాళ్లం. అక్కడి నుంచి కిందికి ముందు గడ్డి వాలు. ఆ వాలు నడుమ ఒక ఊట. ఎండాకాలంలో కూడా చెంబు మునిగేటన్ని నీళ్లు. ఇంకా దిగితే ఇంకో బండ, వెడల్పుగా, మంచంలాగా. దాని మీద మోపులు కట్టుకునేవాళ్లం కాబట్టి అది మోపుల బండ. దాని కింద చెట్లు. తుమికి, ఉసిరి, నేరేడు, నేను పేరు నేర్చుకోని మరెన్నో. ఆ చెట్ల నడుమ అమ్మవారి రాళ్లు. ఈ రెండు బండలను మీరు గుర్తు పెట్టుకుంటే చాలు. నేను చేసిందంతా ఈ రెండింటి మధ్యే ఉంది.

గాళెమ్మకు ఇనుము గిట్టదు. కొడవళ్ల బండ దగ్గర కొడవలి, గొడ్డలి, ఏముంటే అది దించి లోపలికి దిగాలి. గాజులకు తగిలించుకున్న పిన్నీసులు కూడా తీసి బండ మీద పెట్టాలి. వరుసగా మెరుస్తూ ఉండేవి. తిరిగొచ్చేటప్పుడు ఎవరి పిన్నీసు వాళ్లు వెతుక్కునేవాళ్లం. లోపల చేతికి వచ్చింది తీసుకోవచ్చు. రాలిన కాయ, ఎండి విరిగిన పుల్ల, పీకితే వచ్చే చీపురు గడ్డి. ఇనుముతో తప్ప తెగనిది మనది కాదు. ఎందుకని ఒకసారి అడిగాను. చెయ్యి అలిసిపోతాది పిల్లా, ఇనుము అలిసిపోదు, అందుకే దాన్ని బయట పెట్టేది అంది హంపవ్వ. నా చేతిలోని కొడవలి తీసుకుని బండ మీద పెడుతూ అంది. ఇనుమే నిండిన గుడ్డ అది. ఆ సంగతి మాకప్పుడు తెలియదు. మట్టి ఎర్రగా ఉంటుందని మాత్రం తెలుసు.

వానలు వెనక్కి తగ్గాక ఆ వాలు మీద చీపురు గడ్డి వెన్ను విడిచేది. మేము ఆడవాళ్లం పీకి, ఆరబెట్టి, చీపుర్లు కట్టి బళ్లారి సంతకు పంపేవాళ్లం. మా పొయ్యిలు చాలా మటుకు ఆ వాలు మీదే వెలిగాయి.

ఇప్పుడు మొదటి ప్రాజెక్టు సంగతి చెప్పాలి. అది చెప్పకపోతే నా పని మీకు అర్థం కాదు. చెబితే నేను సాకు వెతుక్కుంటున్నానేమో అనిపిస్తుంది. రెండూ నిజం కావచ్చు.

నాకు ఇంకా చదువు రాని రోజుల్లో, బయటి దేశం వాళ్ల సహాయమని చెప్పి, ఊరి దగ్గరి వాలు మీద అడవి పెంచే పని మొదలుపెట్టారు. మమ్మల్ని ఎవరూ ఏమీ అడగలేదు. గీత ఎక్కడో ఆఫీసులో గీసుకొచ్చారు. ఆ గీత వెంబడి కందకం తవ్వారు. లోపల నీలగిరి మొక్కలు పెట్టారు. ఒక వాచ్‌మన్‌ను పెట్టారు. ఆ లోపలికి కొడవలితో కాదు, చేత్తో కూడా పోకూడదు. నేను ఒకరోజు చీపురు గడ్డితో దొరికాను. ఆయన తిట్టలేదు. మోపు దించమన్నాడు. విప్పమన్నాడు. అగ్గిపుల్ల గీసి అంటించి, అది కాలేదాకా నన్ను అక్కడే నిలబెట్టాడు. తర్వాత ఒక కాగితం మీద వేలిముద్ర వేయించుకున్నాడు. అందులో ఏముందో నాకు ఇప్పటికీ తెలియదు. నీలగిరి పెరిగింది. దాని కింద గడ్డి చచ్చింది. ప్రాజెక్టు వెళ్లిపోయింది. బోర్డు మాత్రం మిగిలింది. నాకు చదవడం వచ్చి దాని ముందు నిలబడేసరికి బోర్డు తుప్పు పట్టి అక్షరాలు పోయాయి.

రెండో ప్రాజెక్టు గనుల రోజుల్లో వచ్చింది. ఆ రోజులు మీరు విని ఉంటారు. పొలాలున్న కుటుంబాలు లారీలు కొన్నాయి. లేని ఇళ్ల మగవాళ్లు లారీలకు లోడు ఎత్తడానికి, పట్టలు కట్టడానికి పోయారు. మా ఆయన పట్టలు కట్టేవాడు. ఉతికిన బట్ట ఎరుపు, ఆకు ఎరుపు, గేదె వీపు ఎరుపు. అన్నం గిన్నె మూత తీయడానికి భయం. పక్క గుడ్డ మీద యంత్రాలు పొద్దంతా మోగేవి. కొన్నాళ్లకు ఆ మోత వినిపించడం మానేసింది. ఆగితేనే తెలిసేది.

అప్పుడు వచ్చింది మేడం. ధారవాడ వైపు మనిషి. డబ్బు ఈసారి కూడా బయటి దేశానిదే. కానీ పద్ధతి మారిందని చెప్పింది. మేము ఇదివరకు తప్పు చేశాం, ఆఫీసులో గీత గీసి మీ మీదికి తెచ్చాం, మీకు గుడ్డ తెలుసు, మాకు తెలియదు అని బడి వరండాలో అందరి ముందు ఒప్పుకుంది. గుడ్డ మీద ఏమేమి బతుకుతున్నాయో, ఎవరు ఏ కట్టుబాటుతో ఏం తీసుకుంటున్నారో మేమే చెప్పాలట. వాళ్లు ఒక పుస్తకంలో రాస్తారట. మేము చూపించిన గీతతో పటం తయారవుతుందట. పంచాయతీ ఒప్పుకుంటే, తర్వాత ఎవరు ఏది తవ్వాలన్నా ముందు ఆ పటం చూడాలట. చేత్తో తీసుకునేది ఎప్పటిలాగే తీసుకోవచ్చునని కూడా చెప్పింది. చివరికి కన్నడం కలిపి, ఈ సల గీత మీది, నమ్దల్ల అంది. ఈసారి గీత మీది, మాది కాదు అని.

నేను విన్నాను. ఒక్క మాట కూడా నమ్మలేదు.

నమ్మకపోవడం తప్పా? ఇన్నేళ్లు అడుగుతున్నాను. కాలిన మోపు వాసన చూసిన మనిషి, మళ్లీ అదే రకం జీపు దిగిన వాళ్లు ఈసారి మేము వేరే అంటే ఎట్లా నమ్ముతుంది? కానీ ఆమె ముఖం వేరేగానే ఉంది. తప్పు చేశాం అన్న మాట అంతకు ముందు ఏ ఆఫీసు మనిషీ మా ముందు అనలేదు. ఆ మాట విన్నప్పుడు నాలో ఏదో కదిలింది. కదిలినదాన్ని నేనే నొక్కేశాను.

గీత చూపించడానికి పోవలసింది హంపవ్వ. కానీ అప్పటికే ఆమె కళ్లలో పొర కమ్మింది. మోకాళ్లు పట్టేశాయి. గుడ్డ ఎక్కి మూడేళ్లయింది. తరగతిలో అందరికంటే ముందు సంతకం నేర్చుకున్నది నేను. కాబట్టి చూపించేది, పటం మీద సంతకం పెట్టేది నేనేనని అనుకున్నారు. ఆ పొద్దున నేను ఇంటి నుంచి బయలుదేరుతుంటే హంపవ్వ గడపలో కూర్చుని ఉంది. కొడవళ్ల బండ కాడ్నుంచి చూపియ్యమని, ఊటను మరవొద్దని చెప్పింది. సరే అన్నాను. అప్పటికే నా మనసులో వేరే గీత ఉంది. చెట్లను ఇచ్చేద్దాం, గడ్డి వాలును పుస్తకంలోకి రానీయకుండా దాచుకుందాం. పుస్తకంలోకి పోయింది పోయినట్టే. బయట ఉన్నదే మనది. అంత ఆలోచించాను. తెలివైన పని అనుకున్నాను.

నాతో మా ఊరి ఆడవాళ్లు ముగ్గురు వచ్చారు, రుద్రమ్మ, ఇంకో ఇద్దరు. మేడం, కొలిచే యంత్రం పట్టుకున్న ఒకాయన, బయటి దేశం నుంచి వచ్చిన ఒక పెద్దామె కూడా ఉన్నారు. తెల్లజుట్టు, పొడవు మనిషి, ఎండకు ముఖం కందిపోయింది. కర్ర పట్టుకుని నెమ్మదిగా ఎక్కింది. గుడ్డ నెత్తికి వచ్చాం. కొడవళ్ల బండ మా ఎడమచేతి పక్కన ఉంది. ఎవరూ ఆగలేదు. నేను ఆగలేదు కాబట్టి ఆ ముగ్గురూ ఆగలేదు. నా గాజుకు పిన్నీసు ఉంది. అది తగిలించుకునే బండ దాటాను. గడ్డిలోంచి నడిచాను. ఊట పక్కనుంచి నడిచాను. పెద్దామె అక్కడ ఆగి నీళ్లతో ముఖం కడుక్కుంది. మోపుల బండ దగ్గరికి వచ్చాక, ఇదే కొడవళ్ల బండ అన్నాను. అప్పుడు కొడవలి దించాను. పిన్నీసు తీశాను. మిగతా వాళ్లూ తీశారు.

మేడం ఆ కట్టుబాటు పెద్దామెకు వాళ్ల భాషలో చెప్పింది. ఆమె నడుం పట్టీ తీసి బండ మీద పెట్టింది. గడియారం తీసింది. తర్వాత ఏదో అడిగింది. మేడం నవ్వి మాకు చెప్పింది. ఆమె మోకాలికి ఆపరేషన్ జరిగిందట. లోపల ఉక్కు ముక్క ఉందట. దానితో లోపలికి రావచ్చా అని అడుగుతోందట. దాన్ని గూడా ఊడదీసి బండ మీద పెట్టి రమ్మనక్కా, పోయేటప్పుడు ఎత్తుకోని పోతాది అంది రుద్రమ్మ. అందరం నవ్వాం. నేనూ నవ్వాను. పెద్దామె మాత్రం నవ్వలేదు. వద్దులే, మీ అమ్మవారికి ఇష్టం లేనిది నేనెందుకు చేయాలి, బయటే ఉంటాను అని మోపుల బండ మీద కూర్చుంది. మేము చెట్లలోకి దిగి తిరిగొచ్చేదాకా అట్లాగే కూర్చుంది. ఆమె బయట కూర్చున్నాననుకుంది. లోపలే కూర్చుంది. మా కట్టుబాటుకు ఆ రోజు మర్యాద ఇచ్చింది ఆమె ఒక్కతే.

యంత్రం పట్టుకున్నాయన బండ మీద నిలబడి ఒక గుండీ నొక్కాడు. అంతే. దిగేటప్పుడు రుద్రమ్మ నా పక్కకు వచ్చి, బలే జేసినావక్కా, గడ్డి మిగిలింది అంది. నాకు సంతోషమైంది. దాన్ని దాచను. చాలా సంతోషమైంది.

తర్వాతి వారం బడి వరండాలో పటం గోడకు తగిలించి చదివి వినిపించారు. హంపవ్వ కర్ర పట్టుకుని వచ్చింది. ఎవరో జరిగి చోటిచ్చారు. పటం ఆమెకు కనబడదు. మేడం చదువుతుంటే తల వంచుకుని వింది. చెట్ల పేర్లన్నీ వచ్చాయి. పిట్టల పేర్లు వచ్చాయి. ఇనుము కట్టుబాటు వచ్చింది. అంతా సరిగ్గా రాశారు. చదవడం అయిపోయాక, ఊట సంగతి ఎందుకు రాలేదని ఆమె అడిగింది. ఊట గీతకు బయట ఉందని మేడం చెప్పింది. హంపవ్వ తల ఎత్తింది. నేను ఎక్కడ కూర్చున్నానో ఆమెకు కనబడదు. అయినా నా వైపే తిరిగింది.

“ఏం సిరిగేరి పిల్లా, ఊట యాడుండాది?”

“బయటుండాదవ్వా.”

“కొడవళ్ల బండకు యా పక్క?”

“పై పక్క.”

ఆమె కర్ర మీద రెండో చెయ్యి కూడా వేసింది. ఆ కాసేపట్లో నేను మాట మార్చుకోవచ్చు. మార్చుకోలేదు.

“నువ్వు చూపిచ్చింది మోపుల బండ” అంది. “కొడవళ్ల బండ నెత్తి మీదుంటాది. నీకు దావ నేర్పిచ్చిందే నేను.”

మేడం నా వైపు చూసింది. ఊరంతా నా వైపు చూసింది. రుద్రమ్మ, మిగతా ఇద్దరూ నేల చూశారు. నేను మేడంతో అన్నాను. మామూలుగా, జాలిపడినట్టుగా అన్నాను.

“అవ్వకు కండ్లు కనబడవు మేడం. గుడ్డెక్కి మూడేండ్లాయ. మతి గూడా ఈ మధ్య తప్పుతాండాది. ఏమనుకోవద్దండి.”

వెనక ఎవరో నవ్వారు. హంపవ్వ నవ్వు వచ్చిన వైపు తిరగలేదు. నా వైపే ఉంది.

“చెట్లను బుక్కులో పెట్టి నీళ్లను బయట పెడ్తివా పిల్లా?” అంది. అరవలేదు. అడిగింది.

నన్ను పటం కింద సంతకం పెట్టమన్నారు. పెట్టాను. నలుగురి ముందు నేను పెట్టిన మొదటి సంతకం అది. కలం గట్టిగా నొక్కానేమో, చివరి అక్షరం దగ్గర కాగితం కొంచెం చిరిగింది. తెల్లజుట్టు పెద్దామె చప్పట్లు కొట్టింది. మేడం ఫోటో తీసింది. వేలిముద్ర మనిషి సంతకం పెట్టిందని ఆమెకు నాకంటే ఎక్కువ సంతోషం. ఆ ఫోటో తర్వాత వాళ్ల పుస్తకం అట్ట మీద వచ్చిందని చెప్పారు.

ఆ రోజు నుంచి హంపవ్వ మతి తప్పిన మనిషి అయింది. ఊళ్లో ఒక మనిషికి మతి తప్పిందని చెప్పడానికి ఎంత సేపు పడుతుంది? ఆమె అంగడికి ఉప్పుకు పోతే, అవ్వా, ఊట లోపలా బయటా అని అడిగేవాళ్లు. అది ఊళ్లో వాడుక మాట అయిపోయింది. ఎవరైనా వస్తువు ఎక్కడ పెట్టారో మరిచిపోతే హంపవ్వ ఊట అనేవాళ్లు. నేను విన్నాను. నీళ్ల దగ్గర విన్నాను, పెళ్లిళ్లలో విన్నాను. ఒకసారి నా నోటి నుంచే వచ్చింది. మా ఆయన కండువా కనబడకపోతే అన్నాను. అన్నాక తెలిసింది ఏమన్నానో. మూడేళ్లుగా ఆగిపోయిన తోపు ఊడ్చే పని వేరేవాళ్లు చేస్తామన్నారు. రెండు నెలలు చేసి మానేశారు.

ఆ మరుసటి ఏడు వానలయ్యాక పక్క గుడ్డ గని వాళ్లకు తవ్విన మట్టి పారబోసే చోటు కావాల్సి వచ్చింది. పంచాయతీలో మాట్లాడారు. వాళ్ల మనిషి మా పటమే తెచ్చి పరిచాడు. చెట్లు ఉన్నచోట మేము కాలు పెట్టం, దాని మీది వాలు మాత్రమే అడుగుతున్నాం అన్నాడు. ఎవరో పెద్దాయన సందేహపడితే, ఏమప్పా, ఇది మేము గీసింది కాదు, మీ ఆడోళ్లు గీసిన గీతే కదా అన్నాడు. మా ఆయన వచ్చి నాకు చెప్పాడు. అన్నం పెడుతూ విన్నాను.

మేడం పరుగెత్తుకుంటూ వచ్చింది. ఈసారి జీపు లేదు, బస్సులో వచ్చింది. మా ఇంటి ముందు నన్ను ఒక్కదాన్నే పక్కకు పిలిచింది. ఆ అవ్వ చెప్పిన మాట నాకు నిద్రపట్టనివ్వడం లేదు అంది. గీత తప్పయితే ఇప్పుడు చెప్పు, తప్పు నాదని, నేనే సరిగ్గా అర్థం చేసుకోలేదని రాసిస్తాను, నీ పేరు రానివ్వను, ఇప్పుడైతే ఆపించవచ్చు అంది. నా చెయ్యి పట్టుకుంది.

గీత సరిగ్గానే ఉంది మేడం అన్నాను.

ఇది మీరు బాగా చూడాలి. నేను చాలాసార్లు చూశాను. మొదటి అబద్ధం గడ్డిని కాపాడుకోవడానికి. అది నాకు నేను చెప్పుకోగలను. మీకూ చెప్పాను. మరి రెండోది? అప్పటికి ఆ గడ్డి పోతోందని నాకు తెలుసు. నిజం చెబితేనే మిగులుతుంది. అబద్ధంతో నాకు వచ్చేది ఏమీ లేదు. ఎవరూ నన్ను బెదిరించలేదు. ఎవరూ నాకు ఏమీ ఇవ్వలేదు. మా ఆయన పట్టలు కట్టే పని అందువల్ల పోయేది కూడా కాదు. మరి ఎందుకు చెప్పాను? సంతకం పెట్టాను కాబట్టా? అట్ట మీద నా ఫోటో ఉంది కాబట్టా? హంపవ్వ మతి సరిగ్గానే ఉందని, తప్పింది నా మాటేనని ఊరి ముందు ఒప్పుకోవాలి కాబట్టా? ఒక గుడ్డ వాలు, ఒక ఊట, అందరి పొయ్యిలు ఒక పక్క, నా ముఖం ఒక పక్క పెట్టి నా ముఖాన్నే ఎంచుకున్నానా? ఎంచుకున్నట్టు కూడా అనిపించలేదు. నోరు దానంతటది అంది. మొదటి అబద్ధానికి ఒక వాచ్‌మన్ ఉన్నాడు. రెండోదానికి ఎవరూ లేరు. నేనే ఉన్నాను.

మేడం చెయ్యి వదిలేసింది. సరే అక్కా అంది. బస్సు ఎక్కింది.

మట్టి నెత్తి మీద నుంచి వచ్చింది. మొదట కొడవళ్ల బండ కనబడకుండా పోయింది. తర్వాత గడ్డి. తర్వాత ఊట. మోపుల బండకు పది అడుగుల పైన మట్టి ఆగింది. గీత దాటలేదు. వాళ్లు మాట తప్పలేదు. ఒక వానాకాలం మట్టి కింది నుంచి ఎర్రనీళ్లు కారాయి. తర్వాత అవీ లేవు. రెండు వేసవులు గడిచాక పుస్తకంలో ఉన్న చెట్లు నిలబడినచోటే ఎండడం మొదలుపెట్టాయి. ముందు నేరేడు. తర్వాత ఉసిరి. తుమికి కొన్ని మిగిలాయి. ఎవరూ వాటిని నరకలేదు. ఇనుము వాటిని తాకలేదు. పుస్తకం పంచాయతీ బీరువాలో ఉంది. అందులో ఆ చెట్ల పేర్లన్నీ ఉన్నాయి.

మా ఆడవాళ్లం చీపుర్లు మానేశాం. కొందరం లారీల దారికి నీళ్లు చల్లే పనికి పోయాం.

హంపవ్వకు చివరి రెండేళ్లు అన్నం నేనే పెట్టాను. పొద్దున సంగటి, సాయంత్రం అన్నం. ఊళ్లో నన్ను మెచ్చుకున్నారు. సొంత కోడలు కూడా ఇంత చేయదన్నారు. నేను మెప్పు తీసుకున్నాను. ఆమె తినేది. కూర బాగుందనో, ఉప్పు తక్కువైందనో చెప్పేది. తోపు మాట ఎత్తలేదు. నేను ఎత్తుతానేమో అని చూసిందా? ప్రతిరోజూ గిన్నె దించేటప్పుడు ఈ రోజు చెబుదాం అనుకునేదాన్ని. గిన్నె కడుక్కుని వచ్చేసేదాన్ని. ఒకరోజు మాత్రం, గిన్నె అందిస్తుంటే నా మణికట్టు పట్టుకుంది. గాజులు ఒక్కొక్కటిగా తడిమింది. పిన్నీసు దగ్గర ఆమె వేలు ఆగింది. కొంచెం సేపు అక్కడే ఉంచింది. వదిలేసింది. తర్వాత మజ్జిగ ఉందా అని అడిగింది.

ఆ వేసవిలోనే పోయింది.

గనులు కూడా తర్వాత చాలా మటుకు ఆగిపోయాయి. లారీలు ఇళ్ల ముందు తుప్పు పట్టాయి. ఊరు మళ్లీ కొంచెం కొంచెంగా వేరే రంగులోకి వచ్చింది. నేను తెలుగు అక్షరాలు నేర్చుకున్నాను. ఇదంతా రాస్తానని కాదు.

పోయిన నెల ఒక అమ్మాయి వచ్చింది. చదువుకున్న పిల్ల, మెత్తగా మాట్లాడుతుంది. పాడైన గుడ్డలను మళ్లీ మునుపటిలాగా చేసే పని అట. ఆమె చేతిలో మా పటం ఉంది. కింద నా సంతకం, చిరిగినచోటుతో సహా అచ్చు పడింది. గాళెమ్మ తోపు హద్దు చూపించమని అడిగింది. మా కోడలు ముందు నడిచింది. నేను వెనక నడిచాను. మట్టి దిబ్బ పక్కనుంచి చుట్టు తిరిగి మోపుల బండ దగ్గరికి చేరాం.

నేను అక్కడికి పోయి ఏళ్లయింది. బండకు పసుపు పూసి ఉంది. కుంకుమ ఉంది. ఒక కొడవలి ఉంది, ఎవరో దించి లోపలికి పోయినట్టు. మా కోడలు గాజుకున్న పిన్నీసు తీసి బండ మీద పెట్టి కళ్లకు అద్దుకుంది. ఈ ఊరికి వచ్చినప్పటి నుంచి ఆమెకు తెలిసిన కొడవళ్ల బండ ఇదే. ఆమెకు ఎవరు నేర్పారు? నేను నేర్పలేదు. నేర్పలేదంటే, కాదని చెప్పలేదు.

ఆ అమ్మాయి తల ఎత్తి మట్టి దిబ్బ చూసింది. పైన మునుపు ఏముండేదని అడిగింది.

పైన ఏమీ లేదంట మేడం, ఉత్త గడ్డేనంట అంది మా కోడలు. అని నా వైపు తిరిగి, కదత్తా అంది.

నేను నా పిన్నీసు తీసి ఆమె పిన్నీసు పక్కన పెట్టాను.

ఇంటికి వచ్చాక ఈ కాగితం తీశాను. పది రోజులు పట్టింది. మధ్యాహ్నాలు కోడలు పడుకున్నప్పుడు రాశాను. రాసింది మళ్లీ చదివితే ఎవరో వేరే ఆడమనిషి సంగతిలా ఉంది. ఏడుపు రాలేదు. వస్తుందనుకున్నాను. మోపు దించినట్టు కూడా లేదు. తల మీది నుంచి భుజం మీదికి మార్చుకున్నట్టు ఉంది. మెడ కొంచెం తిరుగుతోంది. అంతవరకే.

ఆ అమ్మాయి వచ్చే వారం మళ్లీ వస్తానంది. ఆమెకు చెబుతానో లేదో మీకు మాట ఇవ్వలేను. నా మాట ఎట్లాంటిదో మీకిప్పుడు తెలుసు. హంపవ్వ అడిగిన దానికి మాత్రం జవాబు రాసి ఆపుతాను. బడి వరండాలో, అందరి ముందు, నెమ్మదిగా అడిగింది. అప్పుడు చెప్పాల్సింది.

కొడవళ్ల బండ నెత్తి మీదే ఉండేది అవ్వా. ఊట లోపలే ఉండేది.